‘మా బాబు ఫెయిలయ్యాడా మేడమ్?’

ఈ వారం ఉత్తరం బెంగళూరు, మారతహళ్ళి నుంచి. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీలు రాశారు, మూడో పేజీలో సగం కొట్టివేతలే. అంతా వేయడానికి చోటు చాలదు కాబట్టి సంగతి నా మాటల్లో చెబుతాను.

ఆమెకు ముప్ఫై ఒక్కేళ్ళు. పుట్టిల్లు ఒంగోలు, అత్తవారిది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండేవారు, బాబు పుట్టాక ఈమె ఉద్యోగం మానేశారు. బాబుకు ఇప్పుడు పద్నాలుగు నెలలు నిండాయి. తొమ్మిదో నెల టీకాకు వెళ్ళినప్పుడు క్లినిక్‌లో ఒక రీసెర్చ్ అమ్మాయి పక్కన కూర్చుని మాట కలిపింది. చుట్టూ రెండు మూడు భాషలు వింటూ పెరిగే పిల్లలు మాటల్ని ఎలా పట్టుకుంటారు అన్నది వాళ్ళ స్టడీ. బాబుకు మూడేళ్ళు వచ్చేలోపు అయిదుసార్లు ల్యాబ్‌కు తీసుకురావాలి. వెళ్ళిన ప్రతిసారీ దారి ఖర్చులకు అయిదు వందలు ఇస్తారు. ఆమె అక్కడికక్కడే సంతకం పెట్టేశారు. సాయంత్రం భర్తకు చెబుదామనుకున్నారు. ఆ సాయంత్రం ఆయనకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్. ల్యాప్‌టాప్ మూసేసరికి రాత్రి రెండయింది. ఆ తర్వాత చెప్పే సందర్భం రాలేదు, ఆమె తెచ్చుకోనూ లేదు.

మొదటిసారి బాగానే జరిగింది. బాబు ఒళ్ళో కూర్చున్నాడు. తల్లి చెవులకు పాటలు వచ్చే హెడ్‌ఫోన్లు పెట్టారు. పక్కన నల్లటి అద్దాల పెట్టెలో లైటు వెలిగి బొమ్మ కుందేలు డోలు వాయించినప్పుడల్లా వాడు కిలకిలా నవ్వాడు. రెండోసారి, పోయిన నెలలో, తడి స్పాంజి బిళ్ళలున్న వలలాంటి టోపీ తలకు తొడిగారు. వాడు పీకి పారేశాడు. మళ్ళీ పెట్టబోతే ఏడుపు లంకించుకున్నాడు. పది నిమిషాల్లో ఆపేశారు. ఆ అమ్మాయి కాగితం మీద ఏదో రాసుకుంది. "ఎలా చేశాడు?" అని ఈమె అడిగితే, "ఒక్కొక్కరి రిజల్ట్ విడిగా ఇవ్వమండి" అంది. ఒక గుడ్డ ఏనుగు, బాబు పేరు రాసిన ‘చిన్న సైంటిస్ట్’ సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపించారు.

ఆ సర్టిఫికెట్ ఫ్రిజ్ మీద అంటించడమే కొంప ముంచింది. ఊరి నుంచి వచ్చిన అత్తగారు ఇదేమిటని అడిగారు. విన్నాక, "అయిదు వందలకు పిల్లాణ్ణి ప్రయోగాలకు ఇచ్చొచ్చావా? పసివాడి తలకు కరెంటు పెట్టించావా?" అని శోకాలు. భర్త అరవలేదు. "వీడియో తీశారా? అది ఎక్కడ ఉంటుంది? నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా?" అని మూడు ప్రశ్నలు వేసి ఊరుకున్నారు. అప్పటి నుంచి నాలుగు రోజులుగా ఏం చెప్పాలన్నా బాబుతోనే చెబుతున్నారట. "నాన్నా, నేను ఆఫీసులో తినొచ్చానని అమ్మకు చెప్పు."

ఆమె అసలు బాధ చివరి పేజీలో ఉంది. ఆ నాలుగు వాక్యాలు ఆమె మాటల్లోనే: "వాడు ‘అమ్మ’, ‘తాత’ రెండే అంటాడు మేడమ్, పక్కింటి తమిళ వాళ్ళ పాప వీడికంటే రెండు వారాలు చిన్నది, పది మాటలు అంటుంది. వీడు రోజంతా ఫ్యాన్ వైపు వేలు చూపించి నా మొహంలోకి చూస్తాడు, లేకపోతే ఆయమ్మ వచ్చినప్పుడు తలుపు దగ్గర చేతులు చాపి బా, బా అంటాడు, దానికి అర్థం లేదు. నిజం చెప్పాలంటే ఫ్రీగా మంచి చెకప్ అవుతుందనే సంతకం పెట్టాను, ఇప్పుడు వాళ్ళకు ఏదో తెలిసిపోయి నాకు చెప్పడం లేదేమోనని నిద్ర పట్టడం లేదు. మూడోసారి వెళ్ళాలా, మానాలా, అసలు మా బాబు ఫెయిలయ్యాడా మేడమ్?"

అమ్మా,

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. ఫెయిలవలేదు. అక్కడ ఫెయిలవడానికి పరీక్షే లేదు. ఆ అమ్మాయి కాగితం మీద రాసుకున్నది బహుశా ‘టోపీ ఉంచుకోలేదు, ఏడ్చాడు, ఆపేశాం’ అని. ఇలాంటి ల్యాబుల్లో అది తరచూ రాసే మాటే. నిద్ర, ఆకలి, పళ్ళు వస్తున్న చిరాకు, ఎదురుగా కూర్చున్న మనిషి గడ్డం నచ్చకపోవడం, పద్నాలుగు నెలల వాడికి ఏదైనా కారణమే. అలా ఆపేసిన పిల్లల లెక్కను పక్కన పెట్టేస్తారు. తప్పు చేశాడని కాదు, ఏమీ తెలియలేదు కాబట్టి.

మరి అంత దూరం రప్పించి వాళ్ళు చూసేదేమిటి? మాటలు రాని వాణ్ణి ఏమని అడుగుతారు? వాడు చేయగలిగినవి చూడటం, తల తిప్పడం, చప్పరించడం. వాటితోనే అడగాలి. అమెరికాలో రాబర్ట్ ఫాంట్జ్ అనే ఆయన పిల్లల్ని పడుకోబెట్టి పైన రెండు బొమ్మలు పెట్టి, చిన్న కంతలోంచి చూసేవాడు. ఏ బొమ్మ ప్రతిబింబం కంటిపాప మీద పడితే పిల్లవాడు ఆ బొమ్మను చూస్తున్నట్టు. ఆ సంగతులన్నీ 1961లో వ్యాసంగా రాశాడు. 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పుట్టి మూడు రోజులు కూడా నిండని పిల్లల నోట్లో పాలపీక పెట్టి, ఒక లయలో చప్పరిస్తే తల్లి గొంతు, ఇంకో లయలో చప్పరిస్తే వేరే ఆవిడ గొంతు వినిపించేలా అమర్చారు. పిల్లలు తల్లి గొంతు వచ్చేలా చప్పరించారు. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

మీ వాడికి మొదటిసారి చేసిన కుందేలు ఆట వెనక కూడా ఒక కథ ఉంది. అది మన తెలుగువాళ్ళకు బాగా అర్థమయ్యే కథ. ‘తాత’, ‘టాటా’ — ఈ రెండూ మనకు పగలూ రాత్రీ అంత తేడా. ఇంగ్లీషు మాత్రమే మాట్లాడేవాళ్ళకు ఆ తకారం, టకారం ఒకేలా వినబడతాయి. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అని కెనడాలో పరిశోధకులు హిందీలోని ఈ రెండు శబ్దాలు తీసుకుని ఇంగ్లీషు ఇళ్ళ పిల్లలకు వినిపించారు. ఒకే శబ్దం వస్తూ వస్తూ మారిన క్షణంలో తల తిప్పితే పెట్టెలో బొమ్మ ఆడుతుంది. అచ్చం మీ కుందేలే. 1984లో వాళ్ళు చెప్పిందేమిటంటే, ఆరు నుంచి ఎనిమిది నెలల ఇంగ్లీషు పిల్లలు ఆ తేడాను చక్కగా పట్టుకున్నారు, ఏడాది దగ్గర పడేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు. హిందీ వింటూ పెరిగే పిల్లలకు మాత్రం అది నిలిచింది. అంటే మాట నేర్చుకోవడంలో మొదటి పని చుట్టూ వినబడేది ఉంచుకుని మిగతాది వదిలేయడం. మీ చెవులకు హెడ్‌ఫోన్లు ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసి ఉంటుంది. శబ్దం మారినట్టు మీకు వినబడితే మీ ఒళ్ళు మీకు తెలియకుండానే కాస్త కదులుతుంది, వాడు దాన్నిబట్టి తల తిప్పేస్తాడు. పాటలు మీ కాలక్షేపానికి కాదు.

ఇప్పుడు గమనించండి. ఇన్ని చెప్పాను, ఇందులో ఎక్కడా ‘ఫలానా పిల్లవాడు’ లేడు. ఒక పిల్లవాడు ఒక పూట తల ఎన్నిసార్లు తిప్పాడన్నది ఏమీ కాదు. చాలామందిని కలిపి చూస్తేనే లెక్క తేలుతుంది. మనం పిల్లలతో గొంతు సాగదీసి, ‘లాల పోసుకుందామా, బువ్వ తిందామా’ అంటామే, ఆ రకం మాటను పిల్లలు మామూలు మాటకంటే ఇష్టంగా వింటారా అన్న ఒక్క చిన్న సంగతి గట్టిగా తేల్చడానికి 67 ల్యాబులు కలిసి పనిచేసి 2,329 మంది పసిపిల్లల లెక్కలతో 2020లో ఫలితం వేశాయి. వింటారు అని తేలింది. మన అమ్మమ్మల్ని అడిగినా చెప్పేవారు, అది వేరే సంగతి. అయితే ఆ ల్యాబుల్లో వినిపించిన టేపులు ఉత్తర అమెరికా ఇంగ్లీషువి. పిల్లల ఎదుగుదల మీద పుస్తకాల్లో ఉన్న మాటల్లో చాలా భాగం అటువైపు ఇళ్ళ పిల్లల్ని చూసి రాసినదే. ఇంట్లో తెలుగు, ఆయమ్మతో కన్నడ, పక్కింట్లో తమిళం, లిఫ్టులో హిందీ వినే మీ వాడిలాంటి వాళ్ళు అందులో చాలా తక్కువ. ఆ అమ్మాయి మీ పక్కన కూర్చుని మాట కలిపింది అందుకే.

కాబట్టి ‘ఒక్కొక్కరి రిజల్ట్ ఇవ్వం’ అన్నది దాచిపెట్టడం కాదు. ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేదు. పది నిమిషాల ఏడుపు చూసి ‘మీ వాడు ఇలా ఉన్నాడు’ అని చెప్పి ఉంటే అప్పుడు నేను వాళ్ళను అనుమానించేదాన్ని. ఒక్క ప్రశ్న మాత్రం మీరు సూటిగా అడగాలి: "చూస్తున్నప్పుడు మా బాబులో ఏదైనా తేడా కనిపిస్తే మాకు చెప్పే ఏర్పాటు ఉందా? ఉంటే ఎవరు చెబుతారు?" మంచి స్టడీలకు దీని మీద ముందే ఒక పద్ధతి ఉంటుంది. ఆ జవాబు వింటే మీ నిద్ర సగం తిరిగి వస్తుంది.

చెకప్ సంగతి. స్టడీని చెకప్ అనుకోవడం మీ ఒక్కరి పొరపాటు కాదు. క్లినిక్‌లో కలిశారు, కొలతలు తీసుకున్నారు, మెడలో ఐడీ కార్డు ఉంది, ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ డాక్టర్ చూసేది మీ బాబును, పరిశోధకులు చూసేది పిల్లల్ని. మీ గుండెల్లో ఉన్న ప్రశ్న మీ బాబు గురించి. దాన్ని తప్పు గుమ్మంలో అడిగారు, అంతే. సరైన గుమ్మం పిల్లల డాక్టర్‌ది.

అక్కడికి వెళ్ళేదాకా ఉండటానికి కొంత చెబుతాను. పద్నాలుగు నెలలకు రెండు మాటలంటే కంగారు పడాల్సిన లెక్క కాదు. ఎదుగుదలలో ఎడం మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఢిల్లీతో సహా కొన్ని దేశాల పిల్లల్ని గమనించి, ఆసరా లేకుండా నడవడం ఎనిమిది నెలల నుంచి పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడొచ్చినా మామూలే అని లెక్క కట్టింది. నడకకే అంత ఎడం ఉంటే మాటకు ఎంత ఉంటుంది? మాటల సంఖ్యకంటే డాక్టర్లు ఈ వయసులో ముందుగా చూసేది మీరు విసుగ్గా రాసిన ఆ ఫ్యాన్ సంగతే. వేలు చూపించి, తిరిగి మీ మొహంలోకి చూడటం. ‘నేను చూస్తున్నది నువ్వూ చూడు’ అనడం అది. మాట దాని వెనకాలే వస్తుంది.

ఏడాది దాటినా వేలు చూపించకపోవడం, టాటా చెప్పకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి అనకపోవడం, వచ్చిన మాటలు పోవడం — వీటిలో ఏది కనిపించినా ఆగకూడదు. మీ ఉత్తరంలో అవేవీ నాకు కనబడలేదు. కానీ నేను డాక్టర్‌ను కాను, మీ వాణ్ణి చూడలేదు. ఏడాదిన్నర లోపు ఎలాగూ ఇంకో టీకా ఉంటుంది, ఆ రోజు మాట సంగతి ఎత్తండి. అంతదాకా ఆగలేకపోతే రేపే వెళ్ళండి, తప్పేం లేదు. వినికిడి పరీక్ష ఒకటి చేయించమని అడగండి. మా రెండోవాడికి మాట ఆలస్యమైతే మా అత్తగారు చిలక కొరికిన జామపండు కోసం ఊరంతా వెతికించారు. తీరా చూస్తే చెవిలో నీరు చేరి వాడికి సగమే వినబడుతోంది. మాట, వినికిడి సంగతులకు మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది, మీకు పెద్ద దూరమేం కాదు. మీ అత్తగారు ‘వస పోయలేదు, అందుకే’ అంటే మాత్రం వినయంగానే వద్దనండి. వస పసివాళ్ళకు వాంతులు తెప్పిస్తుంది, డాక్టర్లు ఒప్పుకోరు.

‘ఇన్ని భాషలు వినడం వల్లే’ అని ఎవరైనా అంటే అదీ పట్టించుకోకండి. రెండు భాషల పిల్లలకు ఒక్కో భాషలో మాటలు తక్కువగా కనబడవచ్చు, అన్నీ కలిపి లెక్కపెడితే సరిపోతాయి. ఇక్కడే మీ లెక్కలో ఒక తప్పు ఉందని నా అనుమానం. చివర్లో చెబుతాను.

ఇక మీ అత్తగారు. ఆవిడ మాట తీరు బాగాలేదు, నిజమే. భయం మాత్రం ఉత్తది కాదు. 1920లో అమెరికాలో జాన్ వాట్సన్, రోసలీ రేనర్ అనేవాళ్ళు పదకొండు నెలల పిల్లవాడి ముందు తెల్ల ఎలుకను వదిలి, వాడు ముట్టుకోబోయినప్పుడల్లా వెనక నుంచి ఇనుప కడ్డీని సుత్తితో బాదారు. కొన్నిసార్లకు వాడు ఎలుకను చూస్తేనే ఏడవడం మొదలుపెట్టాడు, తర్వాత కుందేలును చూసినా, బొచ్చు కోటును చూసినా. ఆ భయం పోగొట్టకుండానే వాణ్ణి పంపించేశారు. తల్లి ఆ ఆసుపత్రిలోనే పాలిచ్చే దాదిగా పనిచేసేది. ఆవిణ్ణి ఎవరు, ఏమని అడిగి ఉంటారు? ‘ప్రయోగాలు’ అన్న మాటకు ఆ మచ్చ ఉంది. అందుకే ఇప్పుడు ప్రతి స్టడీకీ ముందు ఒక ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, తల్లిదండ్రుల సంతకం ఉండాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకునే హక్కు ఉండాలి. పిల్లవాడు ఏడిస్తే ఆపాలి. ఆపారు కదా?

టోపీ గురించి ఆవిడకు ఇలా చెప్పి చూడండి. డాక్టర్ స్టెతస్కోపు గుండెలోకి చప్పుడు పంపదు, గుండె చేసే చప్పుడు వింటుంది. టోపీ కూడా అంతే. మెదడు పనిచేస్తున్నప్పుడు దానంతట అదే పుట్టించే విద్యుత్తు, వోల్టులో పది లక్షల వంతుల్లో కొలిచేంత, దాన్ని తల మీద నుంచి వింటుంది. తడి ఎందుకంటే పొడి చర్మం మీద అది సరిగ్గా అందదు. సాధారణంగా అది ఉప్పు కలిపిన నీరు, కొన్నిచోట్ల కాస్త బేబీ షాంపూ కూడా వేస్తారు. ఇంకో మాట కూడా చెప్పండి, ఆవిడకు ఇది నచ్చవచ్చు. ఆవిడ అనంతపురం జిల్లాలోనే ఇరవై ఏళ్ళకు పైగా ఇలాంటి పెద్ద స్టడీ ఒకటి నడుస్తోంది. యంగ్ లైవ్స్ అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లల్ని 2002 నుంచి వెంబడించి వాళ్ళు ఏం తిన్నారు, ఎంత పెరిగారు, ఏ బడికి వెళ్ళారు, ఎప్పుడు పెళ్ళయింది అన్నీ రాసుకుంటూ వస్తున్నారు. ఇతియోపియా, పెరూ, వియత్నాంలలోనూ అదే పని. మన పల్లెల తల్లులే వాళ్ళకు చాపవేసి కూర్చోబెట్టి జవాబులు చెప్పారు. అక్కడ టోపీలు లేవు లెండి, ప్రశ్నలూ కొలతలూ మాత్రమే.

ఆ అయిదు వందల మాట మీకు బాగా తగిలిందని రాత చూస్తేనే తెలుస్తోంది, అక్కడ పెన్ను కాగితాన్ని చించేసింది. మారతహళ్ళి నుంచి ఆటోలో పోయి వస్తే ఆ డబ్బులో ఎంత మిగులుతుందో ఆవిడకు తెలియదు. దారి ఖర్చులు ఇవ్వడం పద్ధతే. ఆశపెట్టేంత ఇవ్వడమే తప్పు.

మీ భర్త దగ్గరికి వద్దాం. నాకు ఈ ఉత్తరంలో గట్టి ముడి ఇక్కడే కనబడింది. నియమం అడిగితే మీ వైపే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం పెద్దగా ప్రమాదం లేని స్టడీకి తల్లిదండ్రుల్లో ఒకరి సంతకం చాలు. కానీ మీ ఇంట్లో జరుగుతున్నది నియమం గురించిన గొడవ కాదని మీకూ తెలుసు. ఆయన వేసిన మూడు ప్రశ్నల్లో మొదటి రెండూ ల్యాబ్‌కు, మూడోది మీకు. మొదటి రెండింటికి ల్యాబ్ జవాబు చెబుతుంది. మూడోదానికి మీరే చెప్పాలి. సందర్భం రాలేదు అన్న మాట అయిదు నెలలకు సరిపోదు. మొదటిసారి వెళ్ళొచ్చిన రోజు, వాడు కుందేలును చూసి నవ్విన రోజు, ఇంట్లో చెప్పుకోకుండా ఎలా ఉండగలిగారు?

నా ఊహ చెప్పనా, తప్పయితే క్షమించండి. ఆ ల్యాబ్‌లో రెండు గంటలపాటు ఒక మనిషి పెన్ను పట్టుకుని కూర్చుని, బాబు ఎలా నిద్రపోతాడు, ఏ పాట పాడితే ఊరుకుంటాడు, ఎవరి మాట ఎక్కువ వింటాడు అని అడిగి, మీరు చెప్పిన ప్రతిదీ రాసుకుంది. మీరు చెప్పింది విని రాసుకునేవాళ్ళు మీకు దొరికి చాలా కాలమైంది. ఇంట్లో చెబితే అది పోతుందేమోనని భయపడ్డారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ఆ అమ్మాయి స్నేహితురాలు కాదు, ఆమె స్టడీ ఒకనాటికి అయిపోతుంది. ఆ రెండు గంటల్లో దొరికినదాన్ని ఇంకోచోట కూడా వెతుక్కోవాలి. వారానికి కొన్ని గంటల పనో, పిల్లలున్న ఇద్దరు ముగ్గురు తల్లులతో సాయంత్రం పార్కో, మీకు నచ్చినది. ఆయనతో మాట్లాడేటప్పుడు ల్యాబ్‌ను సమర్థిస్తూ మొదలుపెట్టకండి, దీన్నుంచి మొదలుపెట్టండి.

వెళ్ళాలా మానాలా అంటారా. వెళ్ళొచ్చు. అప్పుడు వెళ్ళేముందు మీరు సంతకం పెట్టిన కాగితాల కాపీ తీసి ఇద్దరూ కలిసి చదవండి. ఇంగ్లీషులో అర్థం కాకపోతే తెలుగులో చెప్పమని అడగండి, చెప్పడం వాళ్ళ బాధ్యత. వీడియో ఎవరు చూస్తారు, పేరు తీసేసి నంబరు పెడతారా, ఎన్నేళ్ళు ఉంచుతారు, తర్వాత చెరిపేస్తారా, సభల్లో చూపిస్తారా. చివరిదానికి చాలాచోట్ల వేరే గడి ఉంటుంది, స్టడీలో ఉంటూనే దానికి ‘వద్దు’ అని టిక్ పెట్టవచ్చు. ఆ కాగితంలో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు కూడా ఉండాలి. మూడోసారికి మీ భర్తను తీసుకెళ్ళి, బాబును ఆయన ఒళ్ళోనే కూర్చోబెట్టించండి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కదలకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆయనకూ తెలుస్తుంది. వెళితే నష్టం ఏమిటంటే, ‘ఎలా చేశాడు’ అన్న ప్రశ్న ప్రతిసారీ మీ గొంతులోకి వస్తుంది. డాక్టర్ దగ్గర ఆ సంగతి ముందే తేల్చుకోకపోతే ప్రతి విజిట్ తర్వాత వారం రోజులు నిద్ర ఉండదు.

సగం మానొచ్చు. టోపీ వద్దు, స్క్రీన్ మీద బొమ్మలు చూపించే ఆటలు, మాటల లిస్టు నింపడం వరకూ అయితే సరే అని చెప్పి చూడండి. వాళ్ళు ఒప్పుకుంటారో లేదో స్టడీని బట్టి. అడిగితే పోయేదేం లేదు. అత్తగారు ఊరెళ్ళేదాకా ఒక విజిట్ వాయిదా వేయమనడం కూడా అడగదగ్గదే, కాకపోతే వయసును బట్టి వాళ్ళకు నెలలు ముఖ్యం, ఎక్కువ జరపలేరు.

పూర్తిగా మానొచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. క్లినిక్‌లో మీ బాబు వైద్యానికి దానివల్ల ఏ తేడా రాకూడదు. ఇప్పటిదాకా తీసుకున్నవి చెరిపేయమని అడగవచ్చు, అప్పటికే లెక్కల్లో కలిసిపోయినవి ఉంటే వాటిని విడదీయలేకపోవచ్చు. ఏళ్ళ తరబడి నడిచే స్టడీకి మధ్యలో వెళ్ళిపోయే కుటుంబాల వల్ల లోటు ఉంటుంది, అందరూ ఉండరని తెలిసే వాళ్ళు మొదలుపెడతారు. ఆ అమ్మాయి మొహమాటానికి మాత్రం ఉండిపోకండి. అలాగే ఇంట్లో వాళ్ళ నోరు మూయించడానికి మానకండి. అలా మానితే బాబుకు పదేళ్ళు వచ్చినా ఆ సర్టిఫికెట్ ప్రస్తావన మీ ఇంట్లో నడుస్తూనే ఉంటుంది.

ఇంకో దారి ఉంది, చెప్పకుండా వెళ్ళిరావడం. మీరు అడగలేదు గానీ మూడో పేజీలో కొట్టేసిన వాక్యాల్లో ఒకటి నాకు చదవడానికి వీలైంది. ఆ దారి వద్దు.

నేనైతే ఏం చేసేదాన్నంటే, ముందు ఆయనతో మాట్లాడి, తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళి, ఆ రెండూ అయ్యాకే ల్యాబ్‌కు ఫోన్ చేసేదాన్ని. నాకు పరిశోధనలంటే కాస్త మోజు, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇప్పుడు ఆ ‘బా’ సంగతి. బెంగళూరు వచ్చి మూడేళ్ళయినా కన్నడం ఆటో బేరం వరకే అని రాశారు. మీ ఆయమ్మ పొద్దున గుమ్మంలోకి రాగానే చెప్పులు విడిచి, కింద కూర్చుని, రెండు చేతులూ చాపి వాణ్ణి ఏమని పిలుస్తుందో ఎప్పుడైనా విన్నారా? కన్నడంలో ‘బా’ అంటే ‘రా’. రేపు పొద్దున ఆమె వచ్చే వేళకు వంటింట్లోంచి ఒకసారి బయటికి వచ్చి నిలబడి చూడండి. నేననుకున్నదే అయితే పక్కింటి పాప లెక్క అలా ఉంచి, మీ వాడి లెక్కలో మూడు అని దిద్దుకోండి. ఆ మూడోది ఆయమ్మకు కూడా చెప్పండి, సంతోషిస్తుంది.